'హావింగ్' అన్నాక ఆ పని చేసిందెవరు?

క్యాంపస్ ఇంటర్వ్యూలో సెల్ఫ్ ఇంట్రడక్షన్ కోసం ముందు రోజు బట్టీ పట్టిన వాక్యం చెప్పాను: 'హావింగ్ కంప్లీటెడ్ మై ప్రాజెక్ట్, ద కాలేజ్ గేవ్ మీ ఎ ప్రైజ్.' ఎదురుగా ఉన్నాయన నవ్వి, 'అయితే ప్రాజెక్టు పూర్తి చేసింది మీ కాలేజీయా?' అన్నారు. బయట కొన్న ప్రాజెక్టేమో అన్న అనుమానం అక్కడ ఎప్పుడూ ఉండేదే. నాలుగు నెలలు కూర్చుని నేనే చేసిన పని అది. ఆ మాట నమ్మించడానికే మిగతా టైమంతా సరిపోయింది.

తప్పెక్కడ?

'హావింగ్' తర్వాత క్రియ మూడో రూపం, అంటే వి3 వస్తే 'ఒక పని ముగించి' అని అర్థం. ఆ పని ఎవరు చేశారో అక్కడ చెప్పం. వెంటనే వచ్చే కర్తే చేసినట్టు లెక్క. నేను 'ఐ' అనాల్సిన చోట 'ద కాలేజ్' అన్నాను.

తెలుగుతో సరిచూసుకోండి

బడిలో చదివిన క్త్వార్థకం గుర్తుందా? చేసి, చూసి, వెళ్లి. 'నేను బీటెక్ పూర్తి చేసి స్టార్టప్‌లో చేరాను' అంటాం. 'నేను బీటెక్ పూర్తి చేసి నాన్న రిటైరయ్యారు' అనం కదా! 'పూర్తి చేశాక' అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంతే.

* 'చేసి' కుదిరితే: 'హావింగ్ కంప్లీటెడ్ మై బీటెక్, ఐ జాయిన్డ్ ఎ స్టార్టప్.'
* 'చేశాక' మాత్రమే కుదిరితే: 'ఆఫ్టర్ ఐ కంప్లీటెడ్ మై బీటెక్, మై ఫాదర్ రిటైర్డ్.'

'వాన పడి ఆట ఆగింది' లాంటి వాక్యాలకు ఈ పోలిక పనికిరాదు. అక్కడ 'బికాజ్ ఇట్ రెయిన్డ్' అనేయండి.

ఇవీ గమనించండి

* 'హావింగ్ డిడ్', 'హావింగ్ వెంట్' తప్పు. 'హావింగ్ డన్', 'హావింగ్ గాన్' అనాలి.
* చేయలేదని చెప్పాలంటే 'నాట్' ముందు రావాలి: 'నాట్ హావింగ్ యూజ్డ్ పైథాన్ బిఫోర్, ఐ స్టార్టెడ్ విత్ ద బేసిక్స్.'
* 'ఎంపికై' అనాలంటే 'హావింగ్ బీన్ సెలెక్టెడ్'.
* 'ఐ యామ్ హావింగ్ టూ బ్యాక్‌లాగ్స్' అనొద్దు. 'ఐ హావ్' చాలు.

ఎంత వాడాలి?

మాటల్లో ఇది కాస్త ఫార్మల్‌గా వినిపిస్తుంది. వరసగా జరిగిన చిన్న పనులకు 'అండ్', 'ఆఫ్టర్' చాలు. 'హావింగ్'ని మీ అనుభవం మీ మాటకు బలమిచ్చే చోటుకి దాచుకోండి. ఇంటర్వ్యూ మొత్తంలో ఒకటి రెండుసార్లు వస్తే సరిపోతుంది. ఆ రోజు నేను చెప్పాల్సింది ఇదీ: 'హావింగ్ బిల్ట్ ద ప్రాజెక్ట్ మైసెల్ఫ్, ఐ కెన్ ఎక్స్‌ప్లెయిన్ ఎవ్రీ లైన్ ఆఫ్ ఇట్.'

ఈ రాత్రికి మీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. 'హావింగ్' వినిపించిన ప్రతిచోటా ఆగి, తర్వాత వచ్చిన కర్త ఎవరో చూడండి. ఆ పని చేసింది మీరైతే, అక్కడ 'ఐ' ఉండాలి.