నోరిచ్చిన యంత్రం

అవనిగడ్డ ప్రాంతంలో సేద్యం చేసేవారికి నీటి రుచి కనిపెట్టటం ఒక విద్య. పులిగడ్డవద్ద కృష్ణానది రెండు పాయలై, మా దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. పోటువేళ సముద్రపు నీరు నదిపాయల్లోకీ, మురుగు కాలువల్లోకీ ఎగదన్నుతుంది. కాలువకు నీరు ఆలస్యమైన ఏడు రైతు మురుగు కాలువమీదనే ఇంజను పెట్టి ఆకుమడి తడుపుకొంటాడు. ఆ నీటిలో ఉప్పు హెచ్చితే లేతనారు మాడిపోతుంది. అందుకే నీళ్ళు పుడిసిట పట్టి, నాలుకమీద వేసుకొని చూడటం కద్దు.

ఇప్పుడీ పనికి చిన్న యంత్రాలు వచ్చినవి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటవి. మంచినీటికన్న ఉప్పునీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. రెండు కడ్డీలు నీటిలో ముంచి, ఎంత విద్యుత్తు పోతున్నదో కొలిస్తే ఉప్పెంతో తెలిసిపోతుంది. ఆ అంకెను తీగ లేకుండా ఇంటికి పంపటానికి అగ్గిపెట్టెంత బిళ్ళ చాలు. సరదాకోసం యంత్రాలు చేసుకొనేవారికి 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో ‘ఆర్డుయినో’ పుట్టింది. 2016లో షాంఘై నగరపు ఎస్ప్రెసిఫ్ కంపెనీ వై-ఫై కూడా ఇమిడివున్న ‘ఈఎస్‌పి 32’ను తెచ్చింది.

మా మేనల్లుడు కాలేజీ సెలవుల్లో అటువంటిదొకటి తయారుచేసి, మా దొడ్డి వెనక మురుగు కాలువ గట్టున నాటాడు. పైన సూర్యరశ్మి పలక, కింద బ్యాటరీ. పగలంతా పావుగంటకొకసారి అంకె ఠంచనుగా వచ్చేది. చీకటిపడితే మౌనం! పోటు రాత్రిళ్ళు కూడా వస్తుంది కదా? 1977 నవంబరు 19నాటి ఉప్పెన చూసిన సీమ ఇది. వేళకు కబురందకపోతే ఏమవుతుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు.

ఎండ్రకాయలు తీగ కొరికివుంటవని ఒకరూ, మంచుకు తడిసివుంటుందని ఒకరూ అన్నారు. మావాడు మాత్రం, “మామయ్యా, దీన్ని నోరు తెరిపిస్తేగాని లాభంలేదు” అన్నాడు.

దీనినే ‘డీబగ్’ చేయటమంటారు. బగ్ అంటే పురుగు. యంత్రాల్లోని దోషాన్ని పురుగనటం ఇంజనీర్లకు పాత అలవాటే. అయితే 1947 సెప్టెంబరు 9న హార్వర్డు విశ్వవిద్యాలయంవారి ‘మార్క్ 2’ లెక్కల యంత్రంలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కొని దొరికింది. దానిని పని పుస్తకంలో అంటించి వుంచారు!

మా బిళ్ళలో పురుగు కంటికి కనబడేది కాదు. అందుకని మావాడు ప్రోగ్రాములో అడుగడుగునా ఒక మాట చేర్చాడు: “నిద్ర లేచాను”, “ఉప్పు కొలిచాను”, “వై-ఫైకి కలుపుతున్నాను”. బిళ్ళను కేబులుతో లాప్‌టాప్‌కు తగిలిస్తే ఈ మాటలు వరసగా తెరమీద పడతవి. ఏ మాట తరువాత ఆగితే దోషం అక్కడ వుందన్నమాట.

ఆ రాత్రి కేబులు తగిలించి కూర్చున్నాం. వింత చూడండి: తెల్లవార్లూ అది చక్కగా పనిచేసింది! మరునాటి రాత్రి కేబులు లేదు, కబురూ లేదు. వైద్యుడు గుమ్మంలో అడుగుపెట్టగానే దిగిపోయే జ్వరంలాగున్నదే అనుకొన్నాను.

కిటుకు కేబులులోనే ఉన్నది. అది మాటలు మోసుకురావటమే కాక, లాప్‌టాప్‌నుంచి 5 వోల్టుల విద్యుత్తును కూడా బిళ్ళకు అందిస్తుంది. పరీక్షించటానికి వచ్చి రోగికి అన్నం పెట్టినట్టయింది! మావాడు ఈసారి మాట వచ్చే తీగనూ, భూమి తీగనూ మాత్రమే కలిపాడు. రాత్రి తొమ్మిదింటికి తెరమీద “వై-ఫైకి కలుపుతున్నాను” అన్న మాట పడి, వెంటనే “బ్రౌనౌట్” అని పడింది. మళ్ళీ “నిద్ర లేచాను”. మళ్ళీ “బ్రౌనౌట్”.

అంటే, వోల్టేజి హద్దుకన్న పడిపోయి బిళ్ళ తన్నుతాను తిరిగి మొదలుపెట్టుకొంటున్నదన్నమాట. గాఢనిద్రలో ఈ చిప్‌కు సుమారు 10 మైక్రో ఆంపియర్లు చాలును. వై-ఫై పలికే క్షణంలో 200 మిల్లీ ఆంపియర్లకు పైన కావాలి. బ్యాటరీ విప్పి చూస్తే దాని కొసలకు పచ్చని చిలుము! సముద్రపు ఉప్పుగాలి చేసిన పని. పగలు పలకనుంచి విద్యుత్తు తిన్నగా అందుతూవుండేది. రాత్రి చిలుములోనుంచే రావలసివచ్చేది. గరుకు కాగితంతో రుద్ది, గ్రీజు పూసి, ఒక కెపాసిటరు తగిలించాక యంత్రానికి రాత్రీ పగలూ ఒకటే అయినవి.

అట్లాగని యంత్రాన్ని వాగుడుకాయను చేయకూడదు సుమండీ! 9600 వేగాన సెకనుకు 960 అక్షరాలే పోతవి. 48 అక్షరాల వాక్యానికి సెకనులో ఇరవయ్యోవంతు పడుతుంది. అంతసేపూ అది మేలుకొని బ్యాటరీ తింటుంది. పైగా మాటలవల్ల జరిగే ఆలస్యమే ఒక్కొక్కప్పుడు దోషాన్ని కప్పిపుచ్చుతుంది. మాటలు తీసేయగానే అది మళ్ళీ తల ఎత్తుతుంది. అందుచేత మావాడు ఆ మాటలన్నీ తీసివేసి, ఉప్పు అంకెతోబాటు రెండే సంగతులు వచ్చేటట్లు చేశాడు: బ్యాటరీ వోల్టేజి ఎంత, కిందటిసారి ఎందుకు తిరిగి మొదలైంది. అరగంటపాటు ఏ కబురూ రాకపోతే ఇంట్లో గంట మోగుతుంది.

మీ ఇళ్ళల్లో పిల్లలు ఇటువంటి బిళ్ళలతో కాలక్షేపం చేస్తూంటే కోప్పడకండి. అంకె చూపించి మురిసిపోయేవాణ్ణి, “అంకె రాకపోతే ఎందుకు రాలేదో అది చెప్పగలదా?” అని మాత్రం అడగండి. చెప్పగలదంటే, దాన్ని నమ్మి ఇంజను వేసుకోవచ్చు.