టర్బో కారుకు స్టీలు పొగగొట్టములు

కోకాపేట వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎక్కిన కారు కొద్ది క్షణములలోనే మంచి వేగమందుకొనును. నగరమును 158 కిలోమీటర్ల మేర చుట్టివచ్చు ఈ రోడ్డుపై వేగపు హద్దును 2023లో గంటకు 100 కిలోమీటర్ల నుండి 120కి పెంచిరి. అదే కారు రోడ్డు దిగి ఐ.టి. కార్యాలయముల వైపు మళ్ళగానే రద్దీలో చిక్కి నత్తనడక నడచును. పరుగులో ఇంజను పొగగొట్టము విపరీతముగా కాగును. రద్దీలో కొంత చల్లబడును. ఇల్లు చేరి ఆగిన పిమ్మట పూర్తిగా చల్లారును. ఆఫీసునకు పోయివచ్చు ప్రతిదినమును ఇదే తంతు.

కొందరు వాహనప్రియులు తమ టర్బో కార్లకు కంపెనీవారు అమర్చిన పోత ఇనుప గొట్టమును తీసివేసి, స్టెయిన్‌లెస్ స్టీలుతో ప్రత్యేకముగా చేయించిన గొట్టములను పెట్టించుకొందురు. వీటిని హెడ్డర్లు అందురు. చూచుటకు ఇది గొట్టములను వంచి అతికించు పనివలెనే కనిపించును. కాని ఇందలి అసలు చిక్కు వంపులో లేదు. కాగిన గొట్టము పొడవు పెరుగును గదా! ఆ పెరుగుదలకు చోటెక్కడ? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేని హెడ్డరు ఎంత అందముగా నున్నను కొంతకాలమునకు పగిలిపోవును.

టర్బో చేయు పని

పెట్రోలు మండిన పిదప సిలిండరు నుండి వెలువడు వాయువులలో ఇంకను చాల శక్తి మిగిలియుండును. ఆ శక్తితో ఒక చక్రమును త్రిప్పి, దానితో ఇంజనులోనికి అధికముగా గాలిని నెట్టవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి తలచి 1905లో పేటెంటు పొందెను. 1962లో అమెరికాలో షెవర్లే, ఓల్డ్స్‌మొబైల్ కంపెనీలు ఈ సాధనమును ప్రయాణికుల కార్లలో ప్రవేశపెట్టినవి. ఒకే ఇరుసుకు రెండు కొసల రెండు చక్రములుండును. పొగవాయువులు ఒకదానిని త్రిప్పును. రెండవది గాలిని అదిమి ఇంజనులోనికి పంపును. ఈ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు పైగా తిరుగగలదు.

మామూలు కారులో హెడ్డరు వాయువును బయటకు సాగనంపిన చాలును. టర్బో కారులో అట్లు కాదు. వాయువు తన వేడిని, ఊపును పోగొట్టుకొనకుండ చక్రమును చేరవలెను. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 6,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరు సెకనుకు 50 మారులు పొగను వదలును. అనగా మొత్తము మీద సెకనుకు 200 తోపులు. సాధారణముగా సిలిండర్లు 1, 3, 4, 2 అను వరుసలో మండును. ఒక సిలిండరు కవాటము మూతపడక మునుపే తరువాతి దాని కవాటము తెరచుకొనును. అందుచేత ఒకదాని తోపు మరొకదానిలోనికి ఎదురు తన్నవచ్చును. దీనిని తప్పించుటకు 1, 4 సిలిండర్ల గొట్టములను ఒక జతగాను, 2, 3 సిలిండర్ల గొట్టములను మరొక జతగాను కలుపుదురు. అయితే టర్బో పెట్టెకు రెండు ద్వారములున్నప్పుడే ఈ ఏర్పాటు పూర్తిగా ఫలించును.

వేడికి పెరుగు లోహము

స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని పోనిచ్చు గుణము సాదా ఉక్కులో సుమారు మూడవ వంతే. కావున వాయువులోని వేడి చాలవరకు వాయువులోనే నిలుచును. ఇది మేలు. కాని వేడికి వ్యాకోచించుటలో మాత్రము ఇది సాదా ఉక్కును మించినది. 600 మిల్లీమీటర్ల పొడవుగల గొట్టము 700 సెంటిగ్రేడు డిగ్రీల మేర కాగినచో సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు పెరుగును.

పల్లెలో కమ్మరి బండిచక్రమునకు పట్టా వేయు విధము చూచినవారికి ఇది క్రొత్త కాదు. చక్రము కన్న రవంత చిన్నదిగా చేసిన ఇనుప పట్టాను నిప్పులలో కాల్చగా అది పెరిగి చక్రముపై దిగును. నీళ్ళు చల్లగానే ముడుచుకొని కొయ్యను ఉడుముపట్టు పట్టును. కమ్మరికి మిత్రమైన ఆ బలమే హెడ్డరు చేయువానికి శత్రువు. ఒక కొస ఇంజనుకు, మరొక కొస టర్బోకు బిగించిన గొట్టము పెరుగుటకు చోటు లేక తన్నుకొనును. ప్రతి పయనమునను అట్లే జరుగగా అతుకు ప్రక్కన వెంట్రుకవాసి పగులు పుట్టి పెద్దదగును.

దీనికి విరుగుడులు కలవు. గొట్టములను మరీ పొట్టిగా, తిన్నగా గాక వంపులతో అమర్చినచో ఆ వంపులే కొంత సాగి ముడుచుకొనును. ఒక గొట్టములో మరొకటి జారు కీళ్ళను పెట్టవచ్చును. ఇంజనుకు బిగించు మందపు పలకను సిలిండర్ల నడుమ కోసి విడదీయవచ్చును. టర్బో బరువును గొట్టములపై వ్రేలాడదీయక, కదలికకు వీలుగల ఊతతో మోయించవలెను.

లోహపు ఎంపిక కూడ ముఖ్యమే. వంటపాత్రలకు వాడు 304 రకములో నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. సుమారు 425 నుండి 850 డిగ్రీల మధ్య చాలసేపున్నచో ఇందలి క్రోమియము కార్బనుతో కలిసి రేణువుల అంచులలో చేరును. ఆ ప్రక్క భాగము తుప్పునకు లోనగును. 321 రకములో టైటానియము చేర్చుదురు. అది కార్బనును తానే పట్టుకొని క్రోమియమును కాపాడును. అందుచేత వేడి పనులకు 321 మేలైనది. ఇంకను ఎక్కువ వేడికి, వేగమునకు ఓర్చవలసిన టర్బో చక్రమును నికెలు ప్రధానమైన మిశ్రలోహముతో పోత పోయుదురు. ఆ వర్గపు లోహములను ఈ నగరమునకే ఆగ్నేయమున, కంచన్‌బాగులో 1973లో నెలకొల్పబడిన మిశ్ర ధాతు నిగమ్ తయారుచేయుచున్నది.

కంటికి కనబడని అతుకు

పని చేయు క్రమమిది. ఇంజనుకు బిగించు పలకను కొలతకు కోసి, ఇంజను హెడ్డుకు గాని, అదే కొలతగల మందపు దిమ్మెకు గాని బిగింతురు. వంపు ముక్కలను కోసి, సందులేకుండ ఆకురాయితో చక్కజేసి, మొదట చుక్కలుగా అతుకుదురు. అన్నియు సరిపోయిన పిదపనే ఆర్గాను వాయువు రక్షణలో టంగ్‌స్టన్ కడ్డీతో పూర్తి వెల్డింగు చేయుదురు. దిమ్మె నుండి విప్పక చల్లారనిచ్చి, పలక వంగినచో మరల చదును చేయింతురు.

ఇక్కడనే పనివాని నిజాయితీ తెలియును. పైన ఆర్గాను కప్పియున్నను గొట్టము లోపల గాలి యుండును. ఎర్రగా కాగిన లోహము లోపలివైపున ఆ గాలిలోని ఆక్సిజనుతో కలిసి నల్లని గరుకు పొక్కులు కట్టును. వెల్డరులు దీనిని చక్కెర కట్టుట అందురు. పైకి బంగారు, నీలి రంగులతో మెరయు అతుకు లోపల ఇట్లుండవచ్చును. ఆ పొక్కులు వాయుప్రవాహమును అడ్డుటయే గాక, పగుళ్ళకు మొలక లగును. రాలిన పలుకు లక్ష చుట్లు తిరుగు చక్రమునకు తగిలిన దాని రెక్కలు చెడును. కావున గొట్టము రెండు కొసలు మూసి, లోపల కూడ ఆర్గాను నింపియే అతకవలెను. చేయించుకొనువాడు చూడవలసినది పైమెరుపు కాదు, గొట్టము లోపలివైపు.

పనివాని ఆరోగ్యమును మరువరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగు పొగలో క్యాన్సరు కలిగించు క్రోమియము రూపమొకటి ఉండును. ఆర్గాను విషము కాకున్నను మూసిన గదిలో గాలిని తరిమి ఊపిరాడనీయదు. గాలి ధారాళముగా వచ్చు చోట, పొగను లాగివేయు పంకా పెట్టుకొని ఈ పని చేయవలెను.

చేయించుటకు ముందు

ఇటీవలి పెక్కు ఇంజనులలో ఈ గొట్టములు సిలిండరు హెడ్డులోనే పోతగా కలిసియుండును. అట్టివాటికి హెడ్డరు మార్పు కుదరదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను కారులో చేయించు మార్పులకు హద్దులు విధించుచున్నది. శబ్దము, పొగ మితిమీరినచో 190వ సెక్షను క్రింద శిక్ష కలదు. పొగలోని విషములను విరుచు కాటలిటిక్ కన్వర్టరును తొలగించు మార్పు ఊరి గాలికే ద్రోహము.

అన్నియు సరిగా నున్నను ఒక అలవాటు అవసరము. వేగముగా నడచివచ్చిన టర్బో కారును వెంటనే ఆపివేయక, చివరి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపినచో టర్బోలోని నూనె మాడదు. గొట్టములు కూడ మెల్లగా చల్లారును. ఔటర్ రింగు రోడ్డు దిగి కోకాపేటలో ఇల్లు చేరులోపల పట్టు ఆ కొద్ది నిమిషములే హెడ్డరు ఆయువును పెంచును.