ఉప్పుగాలిలో కొత్త ఫోన్
కొత్త ఫోన్ విడుదలైన రోజే కొనాలా, సమీక్షలు వచ్చేదాకా ఆగాలా? అండమాన్ నికోబార్ దీవుల్లో ఆగడానికే ఎక్కువ కారణాలున్నాయి. ఐపీ68 గుర్తు ఉంటే ఎలా తడిసినా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీటిలో. సముద్రపు నీటిలోని ఉప్పు అయాన్లు విద్యుత్తును సులువుగా ప్రవహింపజేస్తాయి. తడి ఆరని ఛార్జింగ్ పోర్టులో లోహాన్ని త్వరగా తినేస్తాయి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ దీవుల్లో గాలిలోని తేమ కూడా దీనికి తోడవుతుంది. ఈ నష్టం తొలిరోజు సమీక్షలో కనిపించదు. నెలలు గడిచాకే బయటపడుతుంది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి రాజధాని శ్రీ విజయపురం 500 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరాన ఫోన్ పాడైతే మరమ్మతు మాటలు కాదు. తీరప్రాంతంలో కొన్ని నెలలు వాడినవారి అనుభవం తెలుసుకున్నాకే కొనడం మేలు.