ఎఱ్ఱమాత్ర వెనుకనున్న మాంసకృత్తు

నెల్లూరు జిల్లాలో జలదంకి మొదలుకొని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వఱకు ఏ పల్లెకు పోయినను, గర్భవతియైన స్త్రీకి ఆశా కార్యకర్త అందించు ఎఱ్ఱని మాత్ర యొకటి కనబడును. రక్తము పట్టుటకని ఇంటిలోని పెద్దలు చెప్పుదురు, అది నిజమే. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉన్నవి. అయితే ఇనుము సంగతి యెఱిగినంతగా మనవారు ఫోలిక్ ఆమ్లము సంగతి యెఱుగరు. గర్భస్థశిశువు వెన్ను సక్రమముగా రూపొందుటకును, పసిపిల్లల రక్తకాన్సరును తొలిసారిగా వెనుకకు నెట్టిన ఔషధము పుట్టుటకును, ఆ ఔషధమును సైతము ధిక్కరించి కాన్సరు కణము మరల తలయెత్తు విధము బయల్పడుటకును ఈ పదార్థమే మూలమైనది. ఆ కథకు నడుమ నిలిచినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పేరు విన్నవారు పెక్కుమంది కలరు; ఆయన కృషి శరీరములోని యే మర్మమును తాకినదో తెలిసినవారు కొలదిమందియే. అది తెలిసినచో మన యింటికి వచ్చు మందులను మఱింత శ్రద్ధతో వాడుకొందుము.

మానవశరీరములోని దాదాపు ప్రతి జీవకణమునందును, మాంసకృత్తుల నిర్మాణమును నిర్దేశించు జన్యువులు సుమారు 20,000 కలవు. కంటిలోని కణమునకును కాలేయములోని కణమునకును జన్యుసంపద యొక్కటే. అయినను వాని రూపము వేఱు, పని వేఱు. మెట్టసీమ చెరువులో నీరొక్కటే యైనను, ఏ తూము ఎప్పుడెత్తిరి, ఎంత యెత్తిరి, ఎప్పుడు దించిరి యనుదానిని బట్టి యొక పొలము పండి వేఱొకటి యెండునట్లే, ఏ జన్యువు ఏ కణములో ఏ వేళ ఎంతమేరకు పనిచేసినదో దానిని బట్టి ఆ కణము యొక్క స్వభావము నిర్ణయమగును. జన్యువులోని సమాచారము మొదట ఆర్‌ఎన్‌ఏ రూపమున ప్రతి వ్రాయబడి, ఆ ప్రతి ననుసరించి మాంసకృత్తు తయారగుటకే జన్యు వ్యక్తీకరణమని పేరు. ప్రాణవాయువును మోయు హిమోగ్లోబిను, చక్కెరను అదుపు చేయు ఇన్సులిను, దేహములో రసాయనక్రియలను నడిపించు ఎంజైములు, ఇవన్నియు మాంసకృత్తులే. ఇట్టి మాంసకృత్తు ఒకటి లోపించినను, మితిమీరినను, రూపు చెడినను దేహము వ్యాధికి లోనగును.

మన కథకు నాయకస్థానము వహించు ఎంజైము పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. పేరు దీర్ఘమైనను దాని పని స్పష్టమైనది. కణము రెండుగా విభజనము చెందవలెనన్న ముందుగా తన డీఎన్‌ఏకు నకలు తీసికొనవలెను. ఆ నకలునకు కావలసిన ముడిపదార్థములను సమకూర్చుటలో ఫోలిక్ ఆమ్లము తోడ్పడును. అట్లు తోడ్పడుటకు అనువైన రూపమునకు దానిని మార్చునది ఈ యెంజైమే. కావున శరీరములో ఏ కణములు వేగముగా విభజన మొందునో అచ్చటనే దీని ప్రభావము అధికముగా కనబడును. ఎముక మజ్జలో నిత్యము పుట్టు రక్తకణములు, తల్లి గర్భములో పెరుగు పిండము, అదుపు తప్పి పెరుగు కాన్సరు: ఈ మూడును ఒకే యెంజైముపై ఆధారపడియున్నవి.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండిన కాలమున, ఆయన సోదరు లిద్దఱు కొలది దినముల వ్యవధిలోనే స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియైరి. ఆహారములోని సారము ఒంటబట్టక మనిషి కృశించి రక్తహీనుడగు వ్యాధి యది. ఆయనను కూడ ఆ వ్యాధి పీడింపగా, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్స వలన కోలుకొనెను. 1922లో బోస్టను నగరము చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించెను; కండరముల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిను, ఏటీపీ అను పదార్థములను వెలికి తీసిన పరిశోధనలలో భాగస్వామి యయ్యెను. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరినపిదప ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, 1945లో లోకమునకు వెల్లడించెను. అంతకు ముందే లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి బట్టలమిల్లుల గర్భిణీ కార్మికుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారములో దానిని మాన్పు గుణమేదో కలదని గ్రహించియుండెను. ఆ గుణమునకు కారణము ఈ ఆమ్లమే. ఏ స్ప్రూవ్యాధి తన సోదరులను అపహరించినదో ఆ వ్యాధిగ్రస్తులకు సైతము ఫోలిక్ ఆమ్లము ఉపకరించుట సుబ్బారావు తన జీవితకాలముననే చూడగలిగెను.

తదుపరి ఘట్టము మఱింత విచిత్రమైనది. బోస్టను పిల్లల ఆసుపత్రిలోని సిడ్నీ ఫార్బర్, రక్తకాన్సరు గల పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థముల నిచ్చి చూడగా, వ్యాధి తగ్గుటకు మాఱుగా వేగము పుంజుకొన్నట్లు తోచెను. పెంచునది ఇదియైనచో దీనిని అడ్డగించినపుడు వ్యాధి అణగవలెను గదా యని ఆయన తలంచెను. సుబ్బారావు బృందము ఫోలిక్ ఆమ్లమును పోలినదే యైనను దాని పని చేయలేని అమినోప్టెరిన్ అను పదార్థమును తయారుచేసి పంపెను. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ను గట్టిగా అంటిపట్టుకొని, అసలు ఆమ్లమునకు చోటు లేకుండ చేయును. 1948 జూను నెలలో ఫార్బర్ ప్రకటించిన ఫలితముల ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినది. అంతవఱకు రక్తకాన్సరు పట్టిన బిడ్డకు చేయదగిన చికిత్సయే లేకుండెను. అదే సంవత్సరము ఆగస్టులో, 53వ యేట, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూసెను. అమినోప్టెరిన్‌కు సోదరివంటిదైన మెథోట్రెక్సేటు నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది.

అయితే ఆ పిల్లలకు కలిగిన ఉపశమనము నిలువలేదు. కొన్ని మాసములకే వ్యాధి తిరుగబెట్టెను. మునుపు పనిచేసిన మందే ఈసారి పనిచేయదయ్యెను. ఇట్లేల జరుగునో తెలియుటకు ముప్పది సంవత్సరములు పట్టినది. 1978లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ షిమ్కీ, ఆయన సహచరులు మెథోట్రెక్సేటునకు లొంగని ఎలుక కాన్సరు కణములను పరీక్షింపగా, వానిలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ సాధారణ కణములలో కన్న రెండువందల రెట్లకు పైగా ఉన్నట్లు తేలెను. ఆ ఎంజైమునకు మూలమైన జన్యువే ఆ కణములలో పదుల, వందల ప్రతులుగా పెరిగిపోయియుండెను. మందు కొంత యెంజైమును కట్టివేసినను, మిగిలిన యెంజైముతో కణము తన పనిని నిరాటంకముగా సాగించుకొనుచుండెను. కణమునకు మఱికొన్ని మార్గములును కలవు: మందును లోనికి చేరవేయు మాంసకృత్తును తగ్గించుకొనుట, మందు అంటుకొనలేని విధముగా ఎంజైము రూపము మార్చుకొనుట, లోనికి వచ్చిన మందును నిలువనీయకుండుట.

ఇందులో కణమునకు బుద్ధి యనునది యేమియు లేదు. కోట్ల కణములలో యాదృచ్ఛికముగా ఇట్టి మార్పు గల కణములు కొన్ని యుండును. మందు మిగిలిన వానిని చంపగా ఇవి మిగులును. మందు మోతాదు చాలనిదైనను, నడుమ ఆపబడినను ఇవియే పెరిగి రాజ్యమేలును. ఈ సత్యమును గ్రహించియే వైద్యులు ఒకేసారి వేర్వేఱు మాంసకృత్తులను దెబ్బతీయు పలు మందులను కలిపి యిచ్చు పద్ధతిని చేపట్టిరి. ఒక మందును తప్పించుకొన్న కణము రెండవ మందునకు చిక్కును. నాడు మాసములకు మించి బ్రతుకని పిల్లలలో, సంపన్నదేశములందు నేడు పదిమందికి తొమ్మండుగురు జీవించుచున్నారు. ఇట్టి ధిక్కారము కాన్సరునకే పరిమితము కాదు; మలేరియా క్రిమి పైరిమెథమిన్ అను మందును ఎదిరించుటయు తన డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ రూపమును మార్చుకొనుట చేతనే. క్షయక్రిమి రిఫాంపిసిన్ అను మందును ధిక్కరించుటయు తనలోని మఱియొక మాంసకృత్తు రూపము మాఱుట చేతనే.

ఇక పిండాభివృద్ధి సంగతి. మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాడీనాళము గర్భము నిలిచిన తరువాత ఇంచుమించు 28వ దినమునకే మూసికొనును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు తాము గర్భవతులమని నిశ్చయముగా తెలియనే తెలియదు. ఆ నాళము మూసికొననిచో శిశువు వెన్ను తెఱచుకొని పుట్టును, లేదా మెదడు రూపొందక బ్రతుకదు. ఇట్టి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్ల మిచ్చినచో, ఈ లోపము మరల కలుగుట 72 శాతము తగ్గునని 1991లో బ్రిటిషు వైద్యపరిశోధన మండలి నిరూపించెను. అంతియేకాక ఫోలిక్ ఆమ్లము నుండి లభించు మిథైల్ సమూహములు డీఎన్‌ఏపై చేరి కొన్ని జన్యువుల వ్యక్తీకరణమును అణచివేయును. 2003లో డ్యూక్ విశ్వవిద్యాలయములో వాటర్లాండు, జర్టిల్ అనువారు చూలు ఎలుకలకు ఫోలిక్ ఆమ్లము మొదలైన పోషకముల నీయగా, జన్యువు మాఱకయే పిల్లల రోమముల రంగు పసుపునుండి గోధుమవన్నెకు మాఱెను. తల్లి తిను తిండి బిడ్డ జన్యువుల పనితీరును సైతము దిద్దగలదని దీనివలన తెలియుచున్నది. పిండమునకు ఈ యామ్లము ఇంత యవసరము గనుకనే, దానిని అడ్డగించు మెథోట్రెక్సేటు గర్భవతులకు నిషిద్ధము.

కావున చదువరులకు నా విన్నపము లివి. పెండ్లియై బిడ్డ కావలెనని కోరుకొను యువతులు గర్భము నిలుచువఱకు వేచియుండక, వైద్యుని సలహాతో ముందునుండియే ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెను. తోటకూర, పెసలు, శనగలు, మినుములు ఇంటిలో లోపింపరాదు. ఆశా కార్యకర్త యిచ్చిన మాత్ర కడుపులో వికారము చేయుచున్నదని అటకమీద పడవేయక, వికారము సంగతి ఆమెకే చెప్పి ఉపాయ మడుగవలెను. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేటు వాడువారు అది సాధారణముగా వారమున కొకమారు మాత్రమే వేసికొనవలసిన మందని మఱువరాదు. పొరబాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణాపాయము. క్షయకు గాని, కాన్సరునకు గాని చికిత్స పొందువారు ఒంట్లో నెమ్మదించినదని నడుమ మందు మానరాదు. నెమ్మదించిన వేళనే, మిగిలిపోయిన మొండి కణములు, క్రిములు పెరుగుట కవకాశము కలుగును. సుబ్బారావువంటి మహనీయులు జీవితములు ధారపోసి సాధించిన మందులు మన చేతికి వచ్చినవి. వానిని వేళ తప్పక, మోతాదు తప్పక, కడవఱకు వాడుట మన విధి.