చక్రవర్తి మొక్కు, పోపు వెలి

చంద్రపూర్ మహాకాళి అమ్మవారికి చైత్ర పౌర్ణమి జాతరలో మొక్కు తీర్చుకోవడానికి తెలంగాణ నుంచీ జనం వస్తారు. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు వస్తారు. ఎందుకు రాలేదని అడిగే అధికారి ఉండడు. మధ్యయుగపు ఐరోపాలో అలా కాదు. క్రూసేడ్ మొక్కు, అంటే జెరూసలేం కోసం ఆయుధం పట్టి వెళతానన్న ప్రమాణం, చర్చి చట్టానికి లోబడింది. వాయిదా వేయాలన్నా పోపు ఒప్పుకోవాలి.

సిసిలీ, జర్మనీ రెంటికీ రాజై, తర్వాత చక్రవర్తి కూడా అయిన రెండో ఫ్రెడరిక్ 1215లో, ఇరవయ్యేళ్ల వయసులో ఈ మొక్కు మొక్కాడు. పదేళ్లయినా వెళ్లలేదు. పోపు మూడో హోనోరియస్ పలుమార్లు గడువిచ్చాడు.

ఓపిక నశించాక, 1225లో శాన్ జెర్మానోలో గట్టి ఒప్పందం కుదిరింది. 1227 ఆగస్టులో బయల్దేరాలి, 1,000 మంది నైట్లను, అంటే గుర్రపు యోధులను, రెండేళ్లు పోషించాలి. పూచీకత్తుగా లక్ష ఔన్సుల బంగారం విడతలుగా జమ చేయాలి. అప్పటి సిసిలీ ఔన్సు 26 గ్రాములకు పైనే. పది గ్రాముల తులం లెక్కన రెండు లక్షల అరవై వేల తులాలు దాటుతుంది. ఒక్కో పెళ్లికి పది తులాలు పెట్టినా 26 వేల పెళ్లిళ్ల బంగారం. మాట తప్పితే ఆ బంగారం పోతుంది, పైగా చర్చి నుంచి వెలి. ఈ షరతులకు ఫ్రెడరికే ఒప్పుకున్నాడు.

మరి జబ్బు చేస్తే? సరిగ్గా అదే జరిగింది. బ్రిండిసి రేవులో గుమిగూడిన జనంలో అంటురోగం పాకింది. సెప్టెంబరు 8న ఓడెక్కిన ఫ్రెడరిక్ మంచం పట్టి ఒట్రాంటోలో దిగిపోయాడు. వెంట వచ్చిన తురింగియా ప్రభువు లుడ్విగ్ 11న అక్కడే చనిపోయాడు. అయినా కొత్త పోపు తొమ్మిదో గ్రెగరీ జబ్బు మాట నమ్మలేదు, 29న వెలివేశాడు. ఓడెక్కిన నాటికీ వెలికీ మధ్య 21 రోజులే.

కాగితం మీద పోపుదే న్యాయం. కానీ పక్కనే శవం లేచిన జబ్బును సాకు అనడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. పోపు అసలు భయం వేరు: ఉత్తరాన చక్రవర్తి భూములు, దక్షిణాన సిసిలీ రాజ్యం, నడుమ పోపు రాజ్యం.

1228లో ఫ్రెడరిక్ వెళ్లాడు కదా, కోపం తగ్గిందా? ఇంకా పెరిగింది. వెలిలో ఉన్నవాడు క్రూసేడ్ నడపకూడదు. 1229 ఫిబ్రవరి 18న ఆయన ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌తో పదేళ్ల పైచిలుకు సంధి చేసుకుని, కత్తి దూయకుండానే జెరూసలేం సాధించాడు. అక్కడి మసీదుల ప్రాంగణం మాత్రం ముస్లింల చేతిలోనే ఉండిపోయింది. అదే ఏడు పోపు సేన సిసిలీ రాజ్యంలో చొరబడింది. ఫ్రెడరిక్ తిరిగొచ్చి తరిమేశాడు.

1230 ఆగస్టులో పోపు వెలి ఎత్తేశాడు. ఊరికే కాదు: సిసిలీలో బిషప్పుల ఎన్నికల్లో తలదూర్చనని ఫ్రెడరిక్ మాటివ్వాల్సి వచ్చింది.