పడిపోయిన చేతికి పొరుగు నరం

ముంబయి రహదారి మీద పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి వరకు, షిఫ్టులు మారే వేళల్లో ద్విచక్ర వాహనాల రద్దీ ఎట్లుండునో ఈ ప్రాంతపు పాఠకులకు చెప్పనవసరం లేదు. వాహనం మీద నుంచి పడినపుడు తల ఒక వైపునకు, భుజం మరొక వైపునకు బలంగా లాగబడితే, పైకి పెద్ద గాయమేమీ కనిపించకున్నా చేయి చచ్చుబడిపోవచ్చును. కర్మాగారంలో రోలరులోనో, బెల్టులోనో చేయి చిక్కుకొని లాగబడినపుడు కూడా ఇట్లే జరుగవచ్చును.

అటువంటి చేతిని చూచి ఇంటిలోని పెద్దలు "వాతం కమ్మింది, నాలుగు నెలలు నూనె రాస్తే అదే తిరుగుతుంది" అంటారు. వేళ్ళు కదులుతూ ఉంటే ఆ నమ్మకం మరింత బలపడుతుంది. ఆ నాలుగు నెలలే ఇక్కడ కీలకం.

మెడ వెన్ను నుంచి అయిదు నరాల మూలాలు బయలుదేరి, ఒకదానితో ఒకటి అల్లుకొని, కాలర్ బోన్ క్రిందుగా చంకలోనికి దిగి చేయి అంతటికీ వ్యాపిస్తాయి. ఈ అల్లికకు బ్రాకియల్ ప్లెక్సస్ అని పేరు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో చెప్పిన 107 మర్మాలలో ‘కక్షధరం’ ఒకటి. రొమ్ముకు, చంకకు మధ్య గల ఈ మర్మానికి దెబ్బ తగిలితే పక్షాఘాతం కలుగునని, ఇది వైకల్యాన్ని మిగిల్చే మర్మమని అందులో ఉన్నది. రెండూ ఒకటేనని వాదించడం మన ఉద్దేశం కాదు గాని, ఆ స్థానంలో తగిలిన దెబ్బను తేలికగా తీసుకోరాదన్న విషయంలో ప్రాచీనులకు సందేహం లేదు.

పై రెండు మూలాలు దెబ్బతింటే భుజం లేవదు, మోచేయి ముడుచుకోదు. వేళ్ళు మాత్రం పనిచేస్తాయి. అయిదూ దెబ్బతింటే చేయి మొత్తం వ్రేలాడుతుంది. ఆ వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదైనట్లు కనిపిస్తే క్రింది మూలాలు వెన్నుపాము నుంచి ఊడివచ్చాయని అనుమానించవలెను. కేవలం సాగి, నలిగిన నరాలు కొన్ని వారాలలోనో, నెలలలోనో తమంతట తామే కోలుకుంటాయి. కనుక ప్రతివారికీ శస్త్రచికిత్స అక్కరలేదు. కాని వేచి ఉండడం వైద్యుని పర్యవేక్షణలో, నరాల పరీక్షలు చేయించుకొంటూ జరుగవలెనే గాని ఇంటిలో ఊరకే కూర్చొని కాదు.

ఎందుకనగా తెగిన నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నెలకు ఒక అంగుళం అనుకోవచ్చును. మెడ దగ్గర నుంచి మోచేతి క్రిందికి చేరడానికే ఏడాదికి పైగా పడుతుంది. ఇక్కడ కండరం అంతకాలం ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర పాటు నరం అందని కండరం క్షీణించి, ఆ తరువాత నరం వచ్చినా స్వీకరించలేని స్థితికి చేరుతుంది. శస్త్రచికిత్స అవసరమైన వారికి ప్రమాదం జరిగిన మూడు నుంచి ఆరు నెలల లోపల చేయవలెనని నిపుణులు చెప్పేది ఇందుకే.

వెన్నుపాము నుంచి ఊడివచ్చిన మూలాన్ని తిరిగి అతికి పనిచేయించడం సాధారణంగా సాధ్యపడదు. అపుడు చేసేదే నరం మార్పిడి. ఒక లైనులో కరెంటు పోయినపుడు ప్రక్క లైను నుంచి తీగ లాగి ఇంటిలో దీపం వెలిగించినట్లు, పనిచేస్తున్న పొరుగు నరంలో కొంత భాగాన్ని వేరుచేసి, పడిపోయిన కండరపు నరానికి సూక్ష్మదర్శిని క్రింద కుడతారు. 1994లో ఫ్రాన్సుకు చెందిన క్రిస్టోఫ్ ఒబెర్లిన్ బృందం చిటికెన వ్రేలి వైపు పోయే అల్నార్ నరం నుంచి ఒక పాయను తీసి, మోచేతిని ముడిచే కండరపు నరానికి కలిపే పద్ధతిని ప్రకటించింది. తగిన పాయను ఎన్నుకొంటే చేతి పట్టు అంతగా తగ్గదు. కలిపే చోటు కండరానికి అతి సమీపం కనుక నరం ప్రయాణించవలసిన దూరం కొద్దిపాటిదే. భుజం లేవడానికి మెడ ప్రక్క నుంచి వచ్చే మరొక నరాన్ని ఇదే విధంగా వాడతారు. అయిదు మూలాలూ పోయినవారికి ప్రక్కటెముకల మధ్య నరాలను తెచ్చి కలుపుతారు. అయితే వారికి వేళ్ళ పని తిరిగి రావడం నేటికీ కష్టమే.

కొన్ని నెలలకు కండరంలో మొదటి కదలిక కనిపిస్తుంది. అది వచ్చే తీరు విచిత్రం. అల్నార్ నరం వాడినవారు పిడికిలి బిగిస్తే మోచేయి ముడుచుకుంటుంది. ప్రక్కటెముకల నరం వాడినవారు దీర్ఘశ్వాస తీసుకొన్నపుడు, దగ్గినపుడు ముడుచుకుంటుంది. నెలల తరబడి అభ్యాసంతో మెదడు ఈ కొత్త దారిని నేర్చుకొని, శ్వాసతో పని లేకుండానే చేతిని ముడవగలుగుతుంది. ఫిజియోథెరపీని మధ్యలో మానిన వారికి ఈ ఫలితం పూర్తిగా దక్కదు.

మరి మన తైలాలకు పని లేదా? తప్పక ఉన్నది. గోరువెచ్చని నువ్వుల నూనె గాని, మహానారాయణ తైలం గాని మృదువుగా రాసి, భుజం, మోచేయి, వేళ్ళ కీళ్ళను రెండవ చేతితో నెమ్మదిగా కదుపుతూ ఉంటే కీళ్ళు బిగిసిపోవు. నరం వచ్చేసరికి కీలు సిద్ధంగా ఉండవలెను గదా! అయితే ఎముక విరిగినచోటును, కుట్లు వేసిన చోటును వైద్యుడు అనుమతించే వరకు తాకరాదు. గట్టిగా పిసకడం, లాగడం ఎప్పుడూ పనికిరాదు. స్పర్శ లేని చర్మం మీద ఉప్పు మూట, ఇసుక మూట, వేడినీటి సంచి పెట్టి కాపడం చేయరాదు; కాలినా రోగికి తెలియదు, బొబ్బలు లేచిన తరువాతే తెలుస్తుంది. చేతిని వ్రేలాడనీయక పట్టీలో ఉంచవలెను.

హైదరాబాదులోని నిమ్స్, ఉస్మానియా వైద్యశాలల ప్లాస్టిక్ సర్జరీ విభాగాలలో సంప్రదించవచ్చును. దక్షిణాదిన కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ చేతి శస్త్రచికిత్సకు పేరుపొందినది. వెళ్ళేటపుడు ప్రమాదం జరిగిన తేదీ, అప్పటి ఎక్స్‌రేలు, తీసిన పరీక్షల కాగితాలు అన్నీ తీసుకొనిపోవలెను. ఇ.ఎస్.ఐ. సభ్యులైన కార్మికులు మరొక విషయం గమనించవలెను. 2010 నాటి చట్ట సవరణతో, ఇంటికి, పనిచేసే చోటికి మధ్య ఉద్యోగ నిమిత్తం ప్రయాణిస్తుండగా జరిగిన ప్రమాదాన్ని కూడా ఉద్యోగంలో తగిలిన గాయంగా పరిగణించే వీలు ఏర్పడింది. కనుక దారిలో పడినదే గదా అని ఊరకుండక, కర్మాగార యాజమాన్యానికి వెంటనే తెలిపి ప్రమాద నివేదిక పంపేటట్లు చూచుకోవలెను.