ముదినేపల్లికి పదకొండు మీటలు

మామూలు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు మాటను రోమను అక్షరాలతో కొడుతూ పోతే, దాన్ని అప్పటికప్పుడు తెలుగు లిపిలోకి మార్చి చూపే సాఫ్ట్‌వేర్‌ను లిప్యంతరీకరణ సాధనం అంటారు. తెలుగులో ఈ కోవకు చెందిన వాటిలో పేరున్న లేఖిని 2006లో ఒక వెబ్ పుటగా వెలువడింది. దాని రూపకర్త తెలుగు వెబ్ లోకంలో వీవెన్ అనే పేరుతో పరిచితులైన సాఫ్ట్‌వేర్ నిపుణులు. తెలుగులో బ్లాగులు రాసిన తొలితరంలో చాలామంది నిత్యం చేసిన పని ఒకటే: ఈ పుట తెరిచి, ఒక పెట్టెలో రోమను అక్షరాలు కొట్టి, రెండో పెట్టెలో ప్రత్యక్షమైన తెలుగును కాపీ చేసి తమ బ్లాగులో అతికించుకోవడం. చూడటానికి ఇది చిన్న సదుపాయమే గాని, ఆ రెండు పెట్టెల మధ్య జరిగే పని వెనుక వేర్వేరు దేశాలలో, వేర్వేరు కాలాలలో కుదిరిన మూడు ఒప్పందాలున్నాయి. ప్రతి అక్షరానికి ఏ సంఖ్య ఇవ్వాలన్నది మొదటిది, ఏ రోమను అక్షరం ఏ తెలుగు ధ్వనికి నిలవాలన్నది రెండోది, వరుసగా దాచిన సంఖ్యలను తెర మీద ఒత్తులతో గుణింతాలతో ఎలా గీయాలన్నది మూడోది.

సంఖ్యల కథ మన దేశంలోనే మొదలైంది. భారతీయ లిపులన్నింటికీ ఒకే సంకేత పట్టిక చాలునన్న ఆలోచనతో ఇస్కీ అనే ప్రమాణం 1980లలో రూపుదిద్దుకుంది. దానితోపాటే అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు వచ్చేలా అమర్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రవేశపెట్టింది. ప్రపంచంలోని లిపులన్నింటినీ ఒకే పట్టికలోకి తెచ్చే యూనికోడ్ 1991లో తొలి కూర్పుగా వెలువడినప్పుడు భారతీయ లిపుల వరుసను 1988 నాటి ఇస్కీ నుంచే తీసుకుంది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. తెలుగు క సంఖ్య 3093, కన్నడ క సంఖ్య సరిగ్గా 128 ఎక్కువగా 3221, దేవనాగరి క సంఖ్య 768 తక్కువగా 2325 కావడం ఆ ఇస్కీ వారసత్వానికి గుర్తు. కేటాయించిన స్థానాలన్నీ ఒకేసారి నిండలేదు. దంత్య చ, జలకూ, పాత లెక్కల పద్దులలో వాడిన భిన్నాల గుర్తులకూ 2008లో చోటు దొరికింది. పాత పుస్తకాలలో కనిపించే నకారపొల్లుకు ప్రత్యేకంగా ఒక సంఖ్య, 3165, రావడానికి 2021 దాకా ఆగవలసి వచ్చింది.

రెండో ఒప్పందం అమెరికాలోని హ్యూస్టన్‌లో కుదిరింది. అక్కడి రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు 1990ల తొలి సంవత్సరాలలో, ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరేవీ ప్రయాణించలేని ఆనాటి నెట్‌వర్కుల మీద తెలుగు పద్యాలనూ పాటలనూ పంపుకోవడానికి ఒక వర్ణక్రమాన్ని స్థిరపరిచారు. దానికి ఆర్‌టీఎస్ అని పేరు, అంటే రైస్ లిప్యంతరీకరణ ప్రమాణం. ఆ వర్ణక్రమంలో రాసినదాన్ని తిరిగి తెలుగు లిపిలో అచ్చు వేయడానికి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ప్రభృతులు రిట్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. ఇంగ్లీషులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు ఉచ్చారణలో తేడా లేదు గనుక, ఖాళీగా పడి ఉన్న ఆ తేడాను తెలుగు పనికి వాడుకోవడమే ఈ ప్రమాణంలోని చమత్కారం. చిన్న డి కొడితే ద, పెద్ద డి కొడితే డ; చిన్న ఇ కొడితే ఎ, పెద్ద ఇ కొడితే ఏ. షిఫ్టు మీట మరచిపోతే కొల్లేరు కాస్తా కొల్లెరు అవుతుంది, తాడేపల్లిగూడెం చివర గూదెం వస్తుంది.

ఈ రెండు ఒప్పందాలు ఒకచోట కలిసినప్పుడు ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి గుడివాడకూ కైకలూరుకూ నడుమనున్న ముదినేపల్లి పేరునే తీసుకోవచ్చు. లేఖినిలో ఆ పేరు రాయడానికి ఎమ్, యు, డి, ఐ, ఎన్, పెద్ద ఇ, పి, ఎ, ఎల్, ఎల్, ఐ అని పదకొండు మీటలు నొక్కాలి. కంప్యూటరు దాచుకునే సంఖ్యలు కూడా పదకొండే: 3118, 3137, 3110, 3135, 3112, 3143, 3114, 3122, 3149, 3122, 3135. మీటకొక సంఖ్య చొప్పున నమోదవుతుందని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటు. యూనికోడ్‌లో హల్లు సంఖ్యలోనే అకారం ఇమిడి ఉంటుంది కాబట్టి పి తరువాత నొక్కిన ఎ మీటకు విడిగా సంఖ్యేదీ లేదు. మరోవైపు, రెండు ల సంఖ్యల మధ్యనున్న 3149 పొల్లు గుర్తు; దానికోసం ఎవరూ మీట నొక్కలేదు. అసలు ఎమ్ నొక్కగానే పెట్టెలో కనిపించేది మ కాదు, మ్. హల్లు వచ్చిన ప్రతిసారీ సాధనం తాత్కాలికంగా పొల్లు చేర్చి కాచుకుంటుంది. వెనుక అచ్చు వస్తే ఆ పొల్లును తుడిచి కొమ్మో గుడో ఏత్వమో పెడుతుంది, మరో హల్లు వస్తే ఉంచేస్తుంది. ల్ల విషయంలో జరిగింది అదే. కంటికి ఐదు అక్షరాలుగా కనిపించే ఈ పేరు ఫైలులో 33 బైట్లు ఆక్రమిస్తుంది, ఎందుకంటే వెబ్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంఖ్యకూ మూడు బైట్లు కావాలి. ఇంగ్లీషు సంక్షిప్త సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగు సందేశానికి 70 సంకేతాలే పట్టడం కూడా ఇటువంటి లెక్కల ఫలితమే.

మూడో ఒప్పందమే బ్లాగరులను ఎక్కువగా బాధించింది. ల్లి అన్నచోట సంఖ్యల వరుస ల, పొల్లు, ల, గుడి అని ఉంటుంది. తెర మీద మాత్రం చివరనున్న గుడి మొదటి ల నెత్తి మీదికి ఎక్కాలి, రెండో ల ఒత్తుగా మారి కిందికి దిగాలి. ఈ పునరమరికను చేసే భాగాన్ని షేపింగ్ ఇంజన్ అంటారు, విండోస్‌లో ఆ పనిచేసినది యూనిస్క్రైబ్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఇప్పుడు చేస్తున్నది హార్ఫ్‌బజ్. గోదావరి పాయ పేరు పెట్టుకున్న గౌతమి ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతోపాటే వచ్చినా, కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేసి, కంప్యూటరును మళ్లీ మొదలుపెడితే తప్ప తెలుగు సరిగా కనిపించేది కాదు. ఇంటర్నెట్ సెంటరులో గంటకు ఇంతని చెల్లించి కూర్చున్న మనిషి దగ్గర ఆ సీడీ ఎందుకుంటుంది? ఏలూరైనా హైదరాబాదైనా అలాంటి చోట తెలుగు పుట తెరిస్తే గళ్లు కనబడేవి, లేదా ఒత్తులు కుదురుకోక విడిపోయి కనబడేవి. లేఖిని ఈ మూడో చిక్కును తీర్చలేదు. ఏ సాఫ్ట్‌వేరూ స్థాపించకుండా, ఏ కీబోర్డు అమరికా నేర్చుకోకుండా రాసే వీలు కల్పించి మొదటి రెండింటి భారాన్ని తీసివేసింది. శాస్త్రీయంగా ఇన్‌స్క్రిప్ట్ మెరుగైన అమరిక అన్నది నిజమే అయినా, దాన్ని సాధన చేసే ఓపిక కొద్దిమందికే ఉంది. పెళ్లి కబురు నుంచి పంట కబురు దాకా తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసుకోవడం అప్పటికే అలవాటైన జనానికి లేఖిని దగ్గరైంది.

గీతల పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. తెలుగు జ్ఞా అక్షరం ఉన్న సందేశం వస్తే ఐఫోన్లు స్తంభించిపోతున్నాయన్న వార్త వ్యాపించి, తప్పంతా ఆ అక్షరానిదే అన్నట్టు శీర్షికలు వెలువడ్డాయి. నిజానికి మామూలుగా రాసిన జ్ఞానం వల్ల ఏ ఫోనూ ఆగలేదు. చిక్కు తెచ్చిన వరుస 3100, 3149, 3102, 8204, 3134. ఇందులో నాలుగోది తెర మీద కనబడని ఒక విభజన సంకేతం, పక్కపక్క అక్షరాలు ఒత్తుగా కలిసిపోకుండా ఆపడం దాని పని. ఫేస్‌బుక్ వంటి మాటలో స్‌కూ బుకూ మధ్య అది అవసరం, లేకపోతే స కింద బ ఒత్తు పడుతుంది. ఞకూ దీర్ఘానికీ మధ్య దానికి పని లేదు. పని లేని చోట పడిన ఆ సంకేతాన్ని ఎలా గీయాలో తెలియక సాఫ్ట్‌వేర్ కూలింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 కూర్పుతో దాన్ని సరిదిద్దింది.

ఇంత జరిగినా ముద్రణరంగం చాలావరకు మరో దారిలోనే ఉండిపోయింది. డెల్టా పట్టణాల డీటీపీ సెంటర్లలో శుభలేఖలకూ, కరపత్రాలకూ, ఫ్లెక్సీలకూ వాడే అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంఖ్య ఉండదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ చెందిన స్థానాలలో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుముక్కలుగా అమర్చి ఉంటాయి. ఫాంటు ఉన్నంతవరకు అందమైన తెలుగు, ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస. ఇందుకు ఆపరేటర్లను తప్పుపట్టడం న్యాయం కాదు. వారి పనికి ఆధారమైన పేజ్‌మేకర్ చివరి ప్రధాన కూర్పు 2001 నాటిది, దానికి యూనికోడ్ తెలుగును గీయడం రాదు. పైగా యూనికోడ్‌లో ముద్రణకు పనికొచ్చే రకరకాల ఫాంట్లు చాలాకాలం దొరకలేదు. పత్రికల వెబ్‌సైట్లు కూడా మొదట్లో ఒక్కొక్కటి ఒక్కో ఫాంటుతో ఇదే పద్ధతిలో నడిచాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి, తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో ప్రారంభింపజేసిన వెన్న నాగార్జునే పద్మ అనే పొడిగింపును ఫైర్‌ఫాక్స్ కోసం రాశారు. లేఖినిలోని లిపిమార్పిడికి ఆధారం ఆ పద్మలోని కోడే. ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరులో పాతరకం పొడిగింపులను నిరాకరించడంతో పద్మ కాలం ముగిసింది, లేఖిని మాత్రం నిలిచింది. ఫోన్లలో తెలుగు కీబోర్డులూ, మాట్లాడితే రాసిపెట్టే సదుపాయమూ వచ్చాక దాని అవసరం తగ్గినా, డెస్క్‌టాప్ మీద పెద్ద వ్యాసాలు రాసేవారిలో ఆర్‌టీఎస్ అలవాటు చెక్కుచెదరలేదు.

రెండు పద్ధతుల మధ్య తేడా ఎంత ఆచరణాత్మకమైనదో ముదినేపల్లికే అనుభవంలోకి వచ్చిన ఒక మార్పు చూపుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ మండలం కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వచ్చింది. యూనికోడ్‌లో ఉన్న పాఠాలలో జిల్లా పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికి మార్చడం కంప్యూటరు క్షణాలలో చేయగల పని. ముక్కల ఫాంట్లలో ఉన్న పాఠాలను అదే ఫాంటు, అదే సాఫ్ట్‌వేర్ ఉన్నచోట తప్ప వెతకలేం, గూగుల్ వంటి శోధన యంత్రాలకు అవి అసలే అందవు. ఊరి చరిత్రో, దేవాలయం సావనీరో, చేపల చెరువుల రైతులకు పంచే కరపత్రమో డీటీపీ చేయించుకునేవారు అచ్చు ప్రతితో సరిపెట్టుకోకుండా, ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చిన ఫైలును కూడా అడిగి తీసుకోవాలి. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. మార్చిన తరువాత ఒత్తులనూ, విభజన సంకేతాలనూ ఒకసారి సరిచూసుకుంటే చాలు.